పసుపు చుక్కలు

అమ్మా, హాస్టల్ల నేను మంచిగనే ఉన్న, జ్వరం తగ్గింది.

సైన్స్ పరీక్షల మార్కులు తక్కువొచ్చినయని తిట్టకు. మేడం నోటితోని అడిగితే జవాబులన్నీ చెప్పిన. రాస్తుంటే చెయ్యి గుంజి సగమే రాసిన, ఆ సగం గూడ మేడం చదవలేకపోయింది. కొడవలి పట్టినట్టు పెన్ను పడుతున్ననంట. వదులుగ పట్టుడు నేర్పుతున్నది.

మేక ఈనిందా? చలి షురువైంది, దుప్పటి పంపు.

ఈ కార్డు పగిడయ్య మామతోని చదివించు. మామ వేలు పెట్టి చదువుతడు కద, ఆ వేలు ఆగిన కాడల్లా పసుపు చుక్క పెట్టు. కార్డును దుప్పటిల పెట్టి సంతకొచ్చేటోళ్లతోని పంపు. చుక్కలున్న మాటలు మళ్ల రాస్త.

అవ్వకు దండాలు.

మామా, ఊహించి చదవకు. అమ్మ నీ వేలునే చూస్తున్నది.

నీ బిడ్డ
వనజ, భద్రాచలం