మళ్లీ ఫోను మోగితే

మార్తా,

తెల్లారేసరికి తూర్పున మబ్బు కమ్మింది. వాన పడనా మాననా అన్నట్టుంది. చినుకు పడితే అరుగు మీది కొబ్బరి చిప్పలు లోపల పెట్టు.

నేను అమలాపురం వెళ్తున్నాను. ముందు బ్యాంకుకి, తర్వాత పోలీసు స్టేషనుకి.

ఫోను ఎత్తకు. పోలీసులమని బెదిరించి డబ్బు లాగినవాళ్లు మళ్లీ చేస్తారు. పోయిన డబ్బు ఇప్పిస్తాం, ముందు కొంత కట్టండి అంటారు. తలుపు గడియ పెట్టుకోమన్నా, నాకు చెప్పొద్దన్నా వినకు. నిజం పోలీసయితే వీధిలోంచి నడిచొస్తాడు. పక్కింటి కృష్ణవేణి గారిని వచ్చి నీ దగ్గర కూచోమన్నాను. ఆవిడ నిన్నేమీ అడగరు. ఒక్కదానివీ మాత్రం ఉండకు.

మొన్న నేను చేలోంచి వచ్చేసరికి పొద్దెక్కినా కోళ్లు గూట్లోనే ఉన్నాయి. నువ్వు వాటిని వదల్లేదంటే ఏదో అయిందనుకున్నాను. నువ్వు ఆ వీడియో ఫోను ముందు నించుని, "ఆయ్, అలాగేనండి" అంటున్నావు. మధ్యలో ఆ దొంగని, "భోంచేసేరా బాబూ?" అని కూడా అడిగేవు. వాడు, "తర్వాత తింటానమ్మా, మీరు కదలకండి" అన్నాడు.

వాణ్ణి భోంచేసేరా అన్న మాట తలుచుకుని నీకు బుద్ధి లేదని నిన్నంతా నిన్ను నువ్వే తిట్టుకున్నావు. గుమ్మంలోకి ఎవరొచ్చినా అలా అడుగుతావు. ఇకముందూ అడుగు. సిగ్గు పడాల్సింది వాడు.

ప్రకాశం

రాత్రి నేను మాటాడలేదని కంచం ముందు ఏడిచేవు. కోపం కాదు. ఏం చెప్పాలో తెలియలేదు. మధ్యాహ్నానికి వచ్చేస్తాను. అప్పటికీ మాటలు రాకపోతే పోనీ, ఇద్దరం ఊరికే కూచుని తిందాం.