ఎండబెట్టిన గులాబీలు

కినాంగోప్,
ఆదివారం మధ్యాహ్నం

నా భర్త ఒలూచ్ గారికి,

అకెయో నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం. రుసింగా దీవిలో మీరు, అత్తయ్య, మన మేకలు అంతా అలాగే ఉన్నారని తలుస్తాను.

మీ ఉత్తరం బుధవారం అందింది. చలి ఎలా ఉందని అడిగారు. తెల్లవారుజామున మన సరస్సులో నడుము దాకా దిగితే ఉంటుందే, ఆ చలి. అక్కడైతే ఒడ్డెక్కితే పోతుంది, ఇక్కడ ఎక్కడానికి ఒడ్డు లేదు. పొద్దున్నే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంటుంది. మొదటి రోజు ఎవరో పిండి ఒలకబోశారనుకున్నాను.

తిండి బాగానే ఉంది. చేప దొరకదు. మొక్కజొన్నలు, చిక్కుడు గింజలు కలిపి ఉడకబెడతారు. అత్తయ్య ఇచ్చిన స్వెట్టరు వేసుకుంటున్నావా అన్నారు. పడుకునేటప్పుడు కూడా తీయడం లేదని ఆవిడకు చెప్పండి.

గదిలో నలుగురం. మిగతా ముగ్గురూ వాళ్ల కికుయు భాషలో మాట్లాడుకుని నవ్వుకుంటారు. నన్ను చూసి కాదని తెలుసు. అయినా దుప్పటి ముఖం మీదికి లాక్కుంటాను. పది మాటలైనా మాట్లాడని రోజులే ఎక్కువ.

పని గులాబీ తోటవాళ్ల చల్లగదిలో. కోసిన పూలు విచ్చకుండా ఆ గదిని బయటికన్నా చల్లగా ఉంచుతారు. చేరేటప్పుడు సూపర్వైజరు న్యాగుథీ మేడమ్ "చలికి ఓర్చుకుంటావా?" అంటే తలూపాను. మూడు నెలలు పని చూసి ఉంచుకుంటారు. ఒక నెల గడిచింది.

నాతో మాట్లాడేది జెబెట్ అక్క ఒక్కతే. ఆరేళ్లుగా అదే గదిలో ఉంది. "ఏమే సరస్సు పిల్లా, నాలుక కూడా గడ్డకట్టిందా?" అంటుంది. నా చేతులు తన చంకల్లో పెట్టుకుని వెచ్చబరుస్తుంది.

ఇందాకటినుంచి దాటేస్తూ వచ్చింది ఇక చెబుతాను.

గురువారం నా వేళ్లు మొద్దుబారిపోయాయి. అక్క చూసి, "ఇక్కడే ఉండు, వేడిగా టీ తెస్తా" అని వెళ్లింది. దారిలో ఇంకో షెడ్డుకు పిలిచారట, గంటకు గాని రాలేదు. ఆ పొద్దు వచ్చిన పూలు మంచుకు తడిసి ముద్దగా ఉన్నాయి. తడివి ఒకదాని మీద ఒకటి ఉంటే కుళ్లిపోతాయనిపించింది. చిన్నప్పటినుంచి ఒమెనా చేపల్ని ఎండకు వలల మీద పరిచి తిరగేసిన చేతులు కదా. నాలుగు బకెట్ల పూలు బయటికి తెచ్చి ఎండలో గోనెల మీద పరిచాను. నిజానికి ఆ ఎండ నాకే కావాలి. వాటి పక్కనే కూర్చున్నాను. ఈ కొండల్లో చలిగా ఉన్నా ఎండ కాలుస్తుందని తెలియదు. రెక్కల అంచులు నల్లబడ్డాయి.

న్యాగుథీ మేడమ్ వచ్చి, "ఇవేమన్నా చేపలా, ఎండేయడానికి? ఎవరిదీ పని?" అంది. నేను దిగ్గున లేచి నిలబడ్డాను. అప్పుడే టీతో వచ్చిన అక్క నా ముఖం చూసి, "నేనే పరిచా మేడమ్, తడి ఆరుతుందని" అంది.

"ఆరేళ్లుగా చేస్తున్నదానివి, ఆమాత్రం తెలీదా?"

"బుద్ధి గడ్డితింది మేడమ్."

తర్వాత నాతో, "నువ్వు కొత్తదానివి, ఇవాళే పంపేస్తారు. నన్నైతే నాలుగు తిట్టి వదిలేస్తారులే" అంది.

వదల్లేదు. రేపు పనిలోంచి తన పేరు తీసేస్తున్నారు. ఇద్దరు పిల్లల తల్లి. నిన్న కనబడితే, "ఆ రోజు టీ తాగావా, పారబోశావా?" అని మాత్రం అడిగింది.

నేను నోరు విప్పితే మన పడవకు కొత్త పలకలు ఈ ఏడు పడవు. మీరు అత్తయ్యతో వాదించి మరీ నన్ను పంపారు. ఈ రెండూ తలుచుకునే మూడు రోజులు నోరు మూసుకున్నాను.

రేపు పొద్దున్న మేడమ్‌తో చెప్పాలి. ఎండలో పరిచింది నేను. మూడే మాటలు. వాటిని గోడతో కూడా సరిగా చెప్పలేకపోతున్నాను. అందుకే ముందు మీకు రాశాను. జవాబు రాయకండి, ఈ చిరునామాలో ఉంటానో లేదో. దీన్ని పోస్టు డబ్బాలో వేసి అటునుంచి అటే ఆఫీసుకు వెళ్తాను. ఉత్తరం చేయి దాటాక ఇక నేను వెనక్కి తిరగలేను.

ఇట్లు,
మీ ఇల్లాలు
అకెయో