సముద్రం ఒడ్డున సోదా

రాయమల్లు కాకకు,

అండమాన్ నుంచి రాస్తున్నాను. నా ఫోన్ పోయింది. అందుకే మాకన్నా ముందు గోదావరిఖని వస్తున్న సదానందం చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. శోభ, నేను మంచిగనే ఉన్నాం, ఫికర్ చెయ్యకు.

నిన్న సముద్రంలో మునిగి చేపల్ని చూద్దామని కిరాయి స్కూటీ మీద వెళ్ళాం. ఒడ్డున ఖాకీ చొక్కా ఆయన ఎదురొచ్చి, లోపలికి ఏమీ తీసుకుపోవద్దు, తీసి పెట్టండి అన్నాడు. మేం బొగ్గుబాయిలోకి దిగేముందు గేటు దగ్గర మమ్మల్ని సోదా చేస్తూ నువ్వు రోజూ అనే మాటే కదా! ఫోను, పర్సు, శోభ నల్లపూసలు డిక్కీలో పెట్టి తాళంచెవి ఆయనకే ఇచ్చాను. అంతటితో ఆగానా? బీడీలు, అగ్గిపెట్టె దాచలేదని చూపించడానికి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాను. ఆయన కాసేపు తెల్లబోయి చూసి, నా జేబులు తడిమి, ఇక వెళ్ళమని సైగ చేశాడు.

మేం నీళ్ళలోంచి వచ్చేసరికి బండి అక్కడే ఉంది, తాళంచెవి దానికే వేలాడుతోంది. డిక్కీ మాత్రం ఖాళీ, ఖాకీ చొక్కా ఆయన జాడ లేదు. కిరాయి బండ్ల దగ్గర ఇట్లాంటివి మామూలేనంటూ పోలీసులు ఫిర్యాదు రాసుకున్నారు.

శోభ నన్ను తిట్టలేదు. "రాయమల్లు కాక అనుకున్నవా ఏంది?" అని మాత్రం అడిగింది.

కాకా, సోమవారం ఫస్టు షిఫ్టుకు వస్తాను. నువ్వు చెయ్యి చాపినప్పుడు జేబులోవి తీసివ్వడానికి నా చెయ్యి కొంచెం వెనకాడుతుందేమో. ఆ ఒక్కరోజుకు నా మొహంలోకి చూడకు.