ఊడిరాని వాచీ

డిపో మేనేజరు గారికి,

నిన్న నాలుగింటి బస్సు సరిగ్గా నాలుగింటికే తీశాను. నా సీటు వెనక యూనిఫాంలో నిలబడ్డ మనిషి ఎవరని మీరు సంజాయిషీ అడిగారు. ఆయన వాచీల షాపు గార్డు.

మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ ఆ షాపు అద్దంలోంచి చూస్తుంటే సేల్స్ అమ్మాయి, "పెట్టుకుని చూడండక్కా, చూస్తే డబ్బులడగం" అంది. పెట్టుకున్నాను. కొక్కెం బిగుసుకుపోయింది, వాచీ ఊడి రాలేదు. గాజులకి రాసినట్టు సబ్బు రాద్దామంటే ఓనరు గుండె పట్టుకున్నాడు. దాని ఖరీదు మన బస్సంత. గొలుసు కొయ్యనివ్వడు, నన్ను పోనివ్వడు. "బస్సు నాకోసం ఆగదండీ" అన్నాను. చివరికి గార్డుని నా వెంట పంపాడు.

కండక్టరు ఆయనకి టికెట్టు కొట్టి, "వాచీకి అర టికెట్టు కొట్టనా అక్కా?" అంది. ప్రయాణికులు నవ్వారు. ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. రాత్రి గార్డు మా వరండాలో పడుకున్నాడు. మా ఆయన దుప్పటిచ్చాడు.

సోమవారం నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. చేతికి వాచీ ఉన్నా డ్యూటీ మానలేదని దయచేసి గమనించండి.

రిపేరు చేసే మనిషి రేపు పదింటికి వస్తాడట. రేపు పొద్దున ఆరింటి బస్సు నాదే. గార్డు కూడా వస్తాడు, టికెట్టు తీసుకునే.

ఇట్లు,
నాలుగింటి బస్సు డ్రైవరు