హాల్లో తెల్ల పెట్టె

గురువారం

హాల్లో వైఫై పక్కన ప్లగ్గులో ఉన్న తెల్ల పెట్టె కరెంటు హెచ్చుతగ్గులకని ఆయన చెప్పారు. ఈ సాయంత్రం ఇస్త్రీ చేసుకుందామని దాన్ని పీకాను. వెంటనే మేడ మీద నుంచి తోడికోడలు లక్ష్మి గొంతు వినిపించింది.

"బావగారూ, నెట్టు పోనాది. పెట్టె తీసేసినారేటి?"

ఆయన తల దించుకున్నారు. "పైకీ మనకీ మీటరు ఒకటే కదా, ఆ పెట్టె పెడితే కరెంటు తీగల్లోంచే మన నెట్టు వాళ్ళకి ఎల్తాది. తమ్ముడడిగినాడు, కాదనలేకపోనాను."

అన్నదమ్ములు గొడవపడ్డ రోజు, లక్ష్మితో మాట్లాడనని దీపం ముందు నాతో ఒట్టు వేయించుకున్నది ఈయనే. ఏడాదిగా మెట్ల మీద ఎదురైనా ముఖం తిప్పుకున్నాను. లక్ష్మి వాళ్ళమ్మ పోయినప్పుడు కూడా పలకరించలేదు. స్వామీ, ఆ పాపం ఎవరిది?

పెట్టె మళ్ళీ పెట్టేశాను. రేపు పూజయ్యాక ప్రసాదం తీసుకుని పైకి వెళ్తాను. లక్ష్మి తలుపు తీస్తుందో లేదో.