గరుకు కాగితం

థ్రెల్‌ఫాల్ గారికి,

మీ కుశలం అడగాలని లేదు కనుక నేరుగా విషయానికి వస్తున్నాను. మా ఆయన సిరిల్ పోయాడు కదా, అతని బొమ్మరైళ్లను పైసా ఇవ్వకుండా మీ బొమ్మరైళ్ల క్లబ్బుకు పట్టుకుపోదామని మంగళవారం మా గ్యారేజీకి వచ్చారు. నా అల్లం కేకు మూడు ముక్కలు తిన్నారు. వంపు దగ్గర ఇంజను ఆగితే వేలితో పొడిచారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు సిరిల్ వైరింగును తిట్టారు. "ఇది ఇక నడవదులేమ్మా, ఇవన్నీ నీకు అర్థమయ్యేవి కావు," అంటూ జేబులోంచి గరుకు కాగితం తీసి పట్టాలను బరబరా రుద్దారు.

ముప్ఫై ఏళ్లుగా క్లబ్బు అధ్యక్షులు మీరు. ఆ కాగితం గీసిన గీతల్లోనే మురికి పేరుకుంటుందనీ, మురికి ఉన్నచోట కరెంటు అందక ఇంజను ఆగుతుందనీ మీకు తెలియదు. సిరిల్ నడుము వంగేది కాదు. పందొమ్మిదేళ్లు ఆ పట్టాలను స్పిరిట్ అద్దిన పాత బనీను గుడ్డతో తుడిచింది నేను. మీరు వెళ్లాక మీ గీతలన్నీ నున్నగా సాపు చేసి తుడిచాను. రైలు ఆగకుండా తిరుగుతోంది.

క్లబ్బు వసంతకాలం ప్రదర్శనలో మా రైలు నడపడానికి నా దరఖాస్తు జతచేశాను. నా పేరు అందులో ఉంది, మీరెప్పుడూ అడగలేదు. ఇన్నేళ్లూ నేను నిలబడి టీ పోసిన బల్ల దగ్గరికి వేరే మనిషిని చూసుకోండి.

మా బొమ్మ స్టేషన్లో గొడుగు పట్టుకుని గోరంత మనిషి బొమ్మ ఒకడు నిలబడి ఉంటాడు. సిరిల్ అతన్ని మిమ్మల్ని చూసే చేశాడు. అతన్ని అక్కడే ఉంచాను. ఆ స్టేషన్లో ఇక ఏ రైలూ ఆగదు.