పెంచలయ్య వేటలో ఉన్నాడు

చిన్నతిప్ప పాళెం,
21 జూలై 2025.

బడి పెద్ద టీచరు క్యాథరిన్ అమ్మకు,

నా పేరు ఆదిశేషమ్మ. వయసు డెబ్భై ఒకటి. డెబ్భై మూడని ముత్యాలయ్య అంటాడు గానీ, తాను నాకంటే చిన్నవాడు అనిపించుకోవడానికి వాడు నా వయసు పెంచుతాడు. ఇంట్లో ముగ్గురం. నేను, నా కొడుకు పెంచలయ్య, వాడి కూతురు వెన్నెల. పిల్లకు మూడేళ్లప్పుడు కోడలు వాణి జ్వరంతో పోయింది. పెంచలయ్య వేటలో ఉన్నాడు. పిల్లి కూడా ఒకటి ఉంది, దాన్ని బడికి పంపమని మీరింకా కాగితం పంపలేదు.

నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే వెన్నెల రాస్తోంది. ముత్యాలయ్య పడవల సొసైటీలో రాతకోతలు చూసినవాడే గానీ, వాడు రాస్తే నా మాటల్లో వాడి మాటలు కలుపుతాడు. ఈ పిల్లతోనైతే, ఒక్క మాట మార్చినా వీపు చిట్లుతుందని చెప్పి రాయిస్తున్నాను.

మీ బడిలో వంట చేసే సుభాషిణి మీ కాగితం తెచ్చి ఇచ్చింది. గుడ్ల అట్ట కింద పెట్టి తెచ్చింది కాబట్టి కాస్త పచ్చసొన అంటింది. అందులో నా మనవరాలిని "బడి మానేసిన పిల్ల" అని రాసినారంట. అది మానలేదమ్మా. నేను మాన్పించినాను. చదువు మాత్రం మాన్పించలేదు. ఇంట్లో చదువుతోంది. టీచరును నేనే. నా బడికి ఆదివారాలు లేవు.

పొద్దున్నే రేవుకు పోతాం. గాలి ఎటు తిరిగింది, ఈరోజు పడవ దించొచ్చా దించకూడదా, పిల్ల చెప్పాలి. తప్పు చెబితే ఆ పూట గంజిలో ఉప్పు ఉండదు. తర్వాత చేపలు ఏరడం. ఏది అమ్మేది, ఏది ఎండబెట్టేది, ఏది పిల్లిది. మధ్యాహ్నం వల బాగుచేయడం. అన్నిటికంటే పెద్ద చదువు ముడి. మా పాళెంలో వలను నీళ్లలో తేల్చే బెండుకు వేసే ముడి ఒక్కో ఇంటికి ఒక్కో రకం. ఇంటి పేరు ఎట్లాగో అది అట్లా. ఒడ్డుకు కొట్టుకొచ్చిన వల ముక్క ఒకటి చూపించండి, ఏ ఇంటిదో నా మనవరాలు కళ్లు మూసుకుని వేళ్లతో తడిమి చెబుతుంది. మీ ఐదో తరగతిలో ఎంతమంది చెబుతారు? మీరు చెబుతారా?

కాబట్టి దాని పేరు తీసేసుకోండి. ఇక కాగితాలు పంపవద్దు. గుడ్లు పాడవుతున్నాయి.

ఇట్లు,
ఆదిశేషమ్మ (ఎడమచేతి బొటనవేలి ముద్ర)
సాక్షులు: సుభాషిణి. ముత్యాలయ్య (వయసు సంగతి తప్ప మిగతాది ఒప్పుకుంటూ).

తా.క. టీచర్, నేను వెన్నెలను. అవ్వ వేలికంటిన సిరా కడుక్కోడానికి పోయింది. అవ్వ చెప్పిన మాటల్లో నాలుగు రాయలేదు. రెండు మీ గురించి, రెండు మా క్లాసు మాథ్యూ సారు గురించి. తెలుగు ఎన్నో పాఠం అయింది?

*

24 జూలై 2025.

గౌరవనీయులైన ఆదిశేషమ్మ గారికి,

నమస్కారం. నేను జూన్‌లోనే ఈ బడికి బదిలీ మీద వచ్చాను. మాది నెల్లూరు టౌను. మీ ఊరి సంగతులు ఇంకా తెలుసుకుంటున్నాను. ముడి సంగతి నాకు తెలియదు. నేను చెప్పలేను.

మీ కోపం మరుగుదొడ్డి తలుపు గురించే అయి ఉంటుందని ఊహిస్తున్నాను. గడియ వేయించాం. అది కాకపోతే సాంబారు గురించి. దాని గురించి సుభాషిణి గారితో మాట్లాడాను. ఆమె ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు.

ఇంట్లోనే చదివిస్తానంటే నేను అడ్డు చెప్పను. ఓపెన్ స్కూలు పరీక్షలు రాయించవచ్చు. అయితే మా దగ్గర ఒక కాగితం ఉండాలి. దీనితో పంపుతున్న ఫారంలో చదువు చెప్పేవారి అర్హత, చెప్పే పాఠాలు, తండ్రి సంతకం కావాలి. పెంచలయ్య గారు వేట నుంచి రాగానే సంతకం చేయించి పంపండి. ఒకటి రెండు రోజులు ఆలస్యమైనా ఫరవాలేదు.

ఇట్లు,
కె. క్యాథరిన్, ప్రధానోపాధ్యాయురాలు

తా.క. ఉత్తరం రాసినవారి దస్తూరి చాలా బాగుంది. ఏ బడిలో నేర్చుకున్నారో తెలుసుకోవచ్చా? తెలుగు నాలుగో పాఠం నడుస్తోంది.

*

28 జూలై 2025.

క్యాథరిన్ టీచరుకు ఆదిశేషమ్మ చెప్పి రాయించేది.

దస్తూరి గురించి మీరు వేసిన ప్రశ్న పిల్ల రెండుసార్లు చదివింది, నేను ఒక్కసారి కూడా అడగకపోయినా.

ఫారం నింపుతున్నాం. అర్హత: నలభై ఏళ్లు చేపల తట్ట మోసినాను, ముగ్గురు సొసైటీ ప్రెసిడెంట్లను వాళ్ల మొహం మీదే తిట్టినాను, రెండు ఉప్పెనలు చూసినాను. పాఠాలు: పైన రాయించినవే. తండ్రి సంతకం: వేటలో ఉన్నాడు.

ఒకటి రెండు రోజులు అన్నారు. తల్లీ, వాడు పోయిన కార్తీక మాసంలో పోయినాడు. వాయుగుండం పట్టక ముందు రోజు. ఎనిమిది నెలలయింది.

మా పాళెంలో ఒక కట్టు ఉంది. వేటకు పోయిన మనిషిది ఏదో ఒకటి ఒడ్డుకు రావాలి. చొక్కా కానీ, తెడ్డు కానీ, బెండు కానీ. వచ్చేదాకా ఆ మనిషి వేటలో ఉన్నట్టే. కర్మ చేయరు. ఆ మాట ఎవరూ అనరు. ఏడేళ్లు, పదేళ్లు అట్లా వేటలో ఉన్నవాళ్లు మా పాళెంలో ఉన్నారు.

ఈ నెల మొదట్లో బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టినారు. మీరు ట్రైనింగుకు పోయినారు. మాథ్యూ సారు రిజిస్టరు తీసి పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు చదివినాడు. "కీర్తిశేషులు పెంచలయ్య కూతురు వెన్నెల" అని చదివినాడు. నాకు అక్షరం రాకపోవచ్చు, ఆ మాట తెలుసు. శుభలేఖల్లో పోయినవాళ్ల పేరు ముందు పెడతారు. ఒడ్డుకు ఒక్క దారప్పోగు రాకముందే మీ సారు నా కొడుకును పుస్తకంలో చంపేసినాడు. నేను లేచి పిల్ల సంచి భుజానికి వేసుకుని వచ్చేసినాను. ఇదీ సంగతి. మీ తలుపు గడియ కాదు, సుభాషిణి సాంబారు కాదు. సాంబారు సంగతి మాత్రం మీరన్నది నిజమే.

ఆ మాట కొట్టేయాలి.

ఆదిశేషమ్మ (వేలిముద్ర)
సాక్షి: ముత్యాలయ్య. సుభాషిణి సాంబారు మాట రాగానే లేచి వెళ్లిపోయింది.

తా.క. టీచర్, మాథ్యూ సారును తిట్టొద్దు. నాలుగో పాఠం నేను ఇంట్లోనే చదివేశాను. వినేవాళ్లు లేక పిల్లికి అప్పజెప్పాను.

*

1 ఆగస్టు 2025.

పూజ్యులైన ఆదిశేషమ్మ గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతకం అడిగినందుకు క్షమించండి. నాకు తెలియదు.

ఒడ్డుకు ఏదీ రాకుండా ఆ మాట రాయడం తప్పే. మాథ్యూ గారిని అడిగితే తల వంచుకుని నిలబడ్డారు తప్ప జవాబు చెప్పలేదు. ఆయనకు మెమో ఇచ్చాను. తప్పు పదిమందిలో జరిగింది కాబట్టి దిద్దుబాటు కూడా పదిమందిలోనే జరగాలి. ఆగస్టు పదిహేను జెండా వందనం రోజున, ఊరివాళ్లందరి ముందు, మైకులో ఆ మాట తప్పని చెప్పి, ఎర్ర సిరాతో కొట్టేసి, "వేటలో ఉన్నారు" అని నా చేత్తో రాస్తాను. మీరు వచ్చి చూడాలి. ఆ తర్వాతనైనా వెన్నెలను పంపండి.

భవదీయురాలు,
క్యాథరిన్

తా.క. పిల్లి ఎన్ని తప్పులు పట్టింది?

*

5 ఆగస్టు 2025.

క్యాథరిన్ టీచరుకు,

మీరు మనిషి అనిపించుకున్నారు. మైకు గట్టిగా పెట్టండి, రేవు దాకా వినపడాలి. కొత్త చీర కట్టుకుని వస్తాను. అది అయినాక పిల్లను పంపుతాను. నా బడికి మధ్యాహ్నం సెలవు ఇవ్వడం కష్టమే గానీ, మీ కోసం ఇస్తాను.

ఆదిశేషమ్మ (వేలిముద్ర)
సాక్షులు: ముత్యాలయ్య. సుభాషిణి (తిరిగి వచ్చింది).

తా.క. టీచర్ టీచర్, మైకులో చెప్పొద్దు. కొట్టేయొద్దు. మాథ్యూ సారుతో ఆ మాట నేనే రాయించాను. ఎవరికీ చెప్పనని సారు ఒట్టు వేశారు, అందుకే మెమో ఇచ్చినా చెప్పలేదు. ఎండాకాలంలో బియ్యం అయిపోయిన రోజు డబ్బా కడుగుదామని తీస్తే అడుగున గుడ్డలో చుట్టి తెల్లబెండు ఉంది. ముడి మా ఇంటిదే. అవ్వే నేర్పింది కదా, నాకు తెలుసు. మళ్లీ అట్లాగే చుట్టి పెట్టేశాను. నేను చూశానని అవ్వకు తెలిస్తే అవ్వ ఏమైపోతుందో. బడిలో ఫారం నింపేటప్పుడల్లా సారు నాన్న సంతకం తెమ్మంటారు. మరిచిపోయానని ఎన్నిసార్లు చెప్పేది టీచర్. అవ్వ వస్తోంది.

*

11 ఆగస్టు 2025.

ఆదిశేషమ్మ గారికి నమస్కారం.

మైకు చెడిపోయింది. బాగు చేయించడానికి కావలి పంపాం. పదిహేనో తేదీకి రాదేమో. మీ ఆరోగ్యం జాగ్రత్త.

క్యాథరిన్

వెన్నెలా, ఇక్కడి నుంచి అవ్వకు చదివి వినిపించవద్దు. ఆ మాట కొట్టేయను. మాథ్యూ సారుకిచ్చిన మెమో చించేశాను, నేను సారు కాళ్ల మీద పడటం ఒక్కటే తక్కువ. కానీ తల్లీ, ఎండాకాలం నుంచి మోస్తున్న ఆ బెండు సంగతి ఇక నువ్వు ఒక్కదానివే మోయకూడదు. అవ్వకు చెప్పు. నీ వల్ల కాకపోతే నేను వచ్చి నీ పక్కన కూర్చుంటాను, అప్పుడు చెబుదువు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను.

*

14 ఆగస్టు 2025.

క్యాథరిన్ అమ్మకు,

ఈసారి రాసేది ముత్యాలయ్య. ఎందుకంటే మీ ఉత్తరం పిల్ల మూడు ముక్కలు చదివి "అంతే అవ్వా" అంది. నాకు అక్షరం రాదు గానీ కొలత వచ్చు. కాగితం కింది దాకా చీమల బారులాగా రాత ఉంది. మైకు చెడిపోయిందని చెప్పడానికి అన్ని చీమలెందుకు? పిల్లను మంచినీళ్లకు పంపి, కాగితం తీసుకుని ముత్యాలయ్య దగ్గరికి పోయినాను. వాడు కళ్లజోడు పెట్టుకుని మొదలుపెట్టి, సగంలో ఆపి, "ఇంక లేదులే ఆదిశేషా" అన్నాడు. "అబ్బయా, చదవకపోతే పాళెం అంతటికీ నీ అసలు వయసు చెబుతాను" అన్నాను. చదివినాడు.

ఇప్పుడు వాడిని మా ఇంటికి తెచ్చి కూర్చోబెట్టి, నేను చెప్పేది మార్చకుండా రాయమన్నాను.

మాఘ మాసంలో ఒక పొద్దున రేవులో ఒక్కదాన్నే పోతున్నాను. నురగలో బెండు కనపడింది. తీసి చూసినాను. మూడు చుట్లు, ఒక వెనక మెలిక. మా ఇంటి ముడి. పెంచలయ్య పోయే ముందు రోజు ఆ వల నేనే కట్టినాను. నా చేతి ముడి నేను పోల్చలేదని ఎవరికి చెప్పేది? కొంగులో చుట్టుకుని వచ్చి బియ్యం డబ్బా అడుగున పెట్టినాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కర్మ చేయాలి. చేస్తే పిల్లకు అమ్మా నాయనా ఇద్దరూ లేరన్నది ఖాయమవుతుంది. పిల్ల కోసమే దాచినాను. అది కూడా అబద్ధమే. నా కోసం కూడా దాచినాను.

బడి మాన్పించింది పరువు కోసం కాదమ్మా. మాథ్యూ సారు రాసింది తప్పని కాదు, నిజమని. ఆ మాట రోజూ దాని చెవిన పడుతుందని భయపడినాను. నా దగ్గరే ఉంటే నేను చెప్పిందే నేర్చుకుంటుంది, నేను చెప్పనిది నేర్చుకోదు అనుకున్నాను. నేను ఇంట్లో బడి పెట్టింది అందుకు. తీరా నేను నేర్పిన ముడితోనే అది అంతా చదివేసింది.

రోజూ పొద్దు వాలేటప్పుడు అది గడప మీద కూర్చుని "నాయన ఈరోజు వస్తాడా అవ్వా" అని అడిగేది. "వస్తాడు మే, గాలి తిరిగితే వస్తాడు" అని నేను చెప్పేదాన్ని. ఎండాకాలం నుంచి తెలిసి కూడా అడిగింది. నా చేత ఆ మాట చెప్పించి, నన్ను నిలబెట్టడానికి అడిగింది.

ఇంతవరకు రాసేసరికి తలుపు వెనక బిందె చప్పుడయింది. నీళ్లకు పోయింది ఎప్పుడో వచ్చి వింటోంది. "రావే" అన్నాను. వచ్చింది. ఏడవలేదు. లోపలికి పోయి బెండు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అప్పుడు ఇద్దరం ఏడ్చినాం. ముత్యాలయ్య కూడా ఏడ్చినాడు, కాగితం మీద మరక వాడిదే, నాది కాదు.

ఆదివారం కర్మ చేస్తాం. ఆ బెండు సముద్రానికి ఇచ్చేస్తాం. సుభాషిణి వండుతానంది, మీరు రండి, సాంబారు వద్దన్నాను.

రేపు జెండా వందనానికి పిల్ల వస్తుంది. సోమవారం నుంచి రోజూ వస్తుంది. సాయంత్రాలు నా బడి ఉంటుంది, దాన్ని మాత్రం మూయను. ఆ మాట కొట్టేయవద్దు. మాథ్యూ సారుకు ఒకటే చెప్పండి. ఆ పేరు వచ్చినప్పుడు గబగబా చదివేయవద్దు. నిదానంగా చదవమనండి. మంచి వేటగాడు వాడు.

నా పేరు ఆదిశేషమ్మ. వయసు డెబ్భై మూడు. ముత్యాలయ్య చెప్పిందే నిజం. ఇంట్లో ఇద్దరం.

ఆదిశేషమ్మ (ఎడమచేతి బొటనవేలి ముద్ర)

సాక్షులు:
1. ముత్యాలయ్య
2. కీర్తిశేషులు పెంచలయ్య కూతురు వెన్నెల, ఐదో తరగతి